టెన్త్ బయాలజీలో పరిణామం పాఠం, టీచర్ "ఇది నమ్మక్కర్లేదు" అన్నారు: ఇప్పుడేం చేయాలి?

మేడమ్, మీ ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ళకి అర్థమయ్యేలా ముందు రెండు ముక్కల్లో చెప్తా. మీ అబ్బాయి తెలంగాణ స్టేట్ సిలబస్‌లో టెన్త్, ప్రైవేట్ స్కూలు. అనువంశికత చాప్టర్‌లో బయాలజీ సార్ మెండల్ బఠాణీల వరకు బ్రహ్మాండంగా చెప్పి, డార్విన్ దగ్గరికి రాగానే "మనిషి కోతి నుంచి వచ్చాడంటే నేనైతే నమ్మను, మనల్ని చేసింది దేవుడు, మీరూ నమ్మక్కర్లేదు, మార్కుల కోసం చదువుకోండి చాలు" అని మిగతా పాఠం ఇంట్లో చదువుకోమన్నారు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడేమో ఇక్కడైతే కోర్టుకి లాగేవాళ్ళు అన్నాడు, మీవారేమో ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది అన్నారు, మీకు మధ్యలో ఏం చేయాలో తోచడం లేదు. ఇదే కదా.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో బయోసైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, చివర్లో కొన్నాళ్ళు ఇన్‌చార్జి హెచ్ఎంగా కూడా చేశా. ఇలాంటి పంచాయితీలు టీచర్ వైపు నుంచీ చూశా, హెచ్ఎం కుర్చీలోంచీ చూశా. ఆ సార్ ఏ మతమో మీరు రాయలేదు, మంచి పని చేశారు, నేను అడగను కూడా. ఎందుకంటే ఈ మాట నేను మూడు మతాల టీచర్ల నోటా విన్నాను, దాదాపు ఒకే వాక్యంలో.

మీకు వింతగా అనిపించొచ్చు గానీ ఆయన అన్నదాంట్లో సగం కరెక్టే. "నమ్మక్కర్లేదు" అన్న ముక్క వరకు నేనూ ఒప్పుకుంటా. ఏ పిల్లాడినైనా నువ్వు ఇది నమ్ముతున్నావా అని అడిగే హక్కు స్కూలుకి లేదు, డార్విన్ విషయంలో కూడా లేదు. దీనికి మన దేశంలో పెద్ద ఉదాహరణే ఉంది. కేరళలో 1985లో ముగ్గురు తోబుట్టువుల్ని స్కూల్లోంచి తీసేశారు, జెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు, జనగణమన పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడతారు గానీ పాడరు, అది వాళ్ళ విశ్వాసం. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1986 ఆగస్టులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు (మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళినాయనే) పిల్లల్ని తిరిగి చేర్చుకోమని తీర్పిచ్చారు. నిలబడ్డారు, ఎవరినీ అగౌరవపరచలేదు, మనస్సాక్షికి విరుద్ధంగా నోరు తెరిపించే అధికారం స్కూలుకి లేదు అని దాని సారాంశం. బిజో ఇమ్మానుయేల్ కేసు అంటారు, లా చదివినవాళ్ళందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ తీర్పుని మీవాడి క్లాసులో పెట్టి చూడండి. పాట పాడను అనడానికి ఆ పిల్లలకి హక్కుంది. కానీ వాళ్ళు సివిక్స్ పాఠం వినం, జాతీయ గీతం ఎవరు రాశారో నేర్చుకోం, పరీక్షలో రాయం అని అనలేదు కదా, అంటే కోర్టు ఒప్పుకునేది కూడా కాదు. పరిణామం కూడా అంతే. స్కూలు పిల్లాడిని అడగాల్సింది "ప్రకృతి వరణం (పరిస్థితులకి తట్టుకున్నవి బతికి పిల్లల్ని పెట్టడం) ఎలా పని చేస్తుంది, దానికి ఆధారాలేంటి, చెప్పు" అనే. వాడు బాగా వివరించి, ఇంటికెళ్ళి "కానీ నేను దేవుణ్ణే నమ్ముతా" అనుకుంటే స్కూలుకి సంబంధం లేదు, ఫుల్ మార్కులు వేయాల్సిందే. మీ సార్ దగ్గర వచ్చిన తేడా ఏంటంటే నమ్మక్కర్లేదు అనే దాని మీద నుంచి జారి అర్థం చేసుకోనక్కర్లేదు అనే దాంట్లో పడ్డారు. మొదటిది ఆయన దయ, రెండోది పిల్లలకి నష్టం. మీరు కంప్లైంట్ చేయాలంటే ఆయన దేవుడి పేరెత్తినందుకు కాదు, పాఠం ఎగ్గొట్టినందుకు చేయాలి.

ఈ ఎగ్గొట్టడం గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే స్కూళ్ళలో మత విశ్వాసం పాఠాల్లోకి ఎలా వస్తుందంటే జనం అందరూ ప్రార్థన, సరస్వతీదేవి ఫోటో, అయ్యప్ప మాల, బుర్ఖా ఇవే అనుకుంటారు, గొడవలు కూడా వాటి మీదే అవుతాయి. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలో హనుమాన్ దీక్ష బట్టల విషయంలో ఒక స్కూలు మీద దాడే జరిగింది. అవి కంటికి కనపడేవి. కనపడకుండా జరిగేది వేరే. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ "నేను సైన్స్‌కి వ్యతిరేకం" అనరు. "ఆ పాఠం నుంచి బిట్లే వస్తాయి లెండి", "టైం లేదు, సిలబస్ వెనకబడింది", "ఆడపిల్లలు ఉన్నారు కదా, ఇంట్లో చదువుకుంటారు" అంటారు, అంతే. ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం, టెన్త్‌లో ప్రత్యుత్పత్తి, ఆ తర్వాత ఈ పరిణామం, ఈ మూడూ ఎలా దాటేస్తారో నాకు బాగా తెలుసు. నెలసరి గురించి చెప్పాల్సిన మేడమే ఆ రోజుల్లో వంటింట్లోకి వెళ్ళని మనిషైతే, పాఠం చెప్తుంది గానీ అంటు, మైల అన్న ప్రశ్న పిల్ల అడగ్గానే ఇంకో పేజీకి వెళ్ళిపోతుంది. పుస్తకంలో ఒక్క అక్షరం కూడా మారదు, ఎవరూ కోర్టుకి వెళ్ళరు, పాఠం మాత్రం ఉండదు.

స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళిన ఏ బయోసైన్స్ టీచర్‌నైనా అడగండి, పేపర్ల కట్ట చూస్తే తెలిసిపోతుంది. నిర్మాణసామ్య అవయవాలకి (పని వేరైనా లోపలి నిర్మాణం ఒకటే అయినవి) ఉదాహరణ రాయమంటే ఒక బండిల్ మొత్తం గబ్బిలం రెక్క, సీతాకోకచిలుక రెక్క అని రాసి ఉంటుంది (అవి క్రియాసామ్యం, పని ఒకటే, నిర్మాణం వేరు, రివర్స్ అన్నమాట), గబ్బిలం రెక్క, తిమింగలం వాజం, మన చెయ్యి లోపల ఎముకల అమరిక ఒకటే అని ఒక్కరు కూడా రాయరు. అంటే అక్కడ ఎవరూ బోర్డు మీద ఆ బొమ్మ గీయలేదు. మీవాడికి మార్కుల కోసం చదువుకోమన్నారు కదా, మార్కులు కూడా రావు, అదీ సంగతి.

"మనిషి కోతి నుంచి వచ్చాడు" అనే దాని గురించి. పాఠంలో అలా లేదు. ఇప్పుడు చెట్ల మీద ఉన్న కోతి ఏదీ మనిషికి తాత కాదు, మనకీ చింపాంజీలకీ దాదాపు 60, 70 లక్షల ఏళ్ళ కింద ఒక ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడు అని సైన్స్ చెప్పేది. కోతి తాత కాదు, చాలా దూరపు దాయాది అనుకోండి. 2018 జనవరిలో అప్పటి కేంద్ర మానవ వనరుల శాఖ సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ గారు కూడా కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు, డార్విన్ తప్పు, సిలబస్ మార్చాలి అన్నారు, దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి అది తప్పని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మంత్రికే ఆ పొరపాటు ఉంటే మీ సార్‌ని ఒక్కణ్ణే అనడం ఎందుకు. బీఎస్సీ బోటనీ జువాలజీ, బీఈడీ చేసి వచ్చినవాళ్ళలో కూడా చాలామందికి ఇది ఇంటర్‌లో లాంగ్ ఆన్సర్ బట్టీ పట్టిన టాపిక్, అంతకు మించి ఎవరూ చెప్పలేదు వాళ్ళకి.

ఇంకో రకం టీచర్లు ఉంటారు, వాళ్ళు డార్విన్‌ని తోసెయ్యరు, దశావతారాల్లో కలిపేస్తారు. మత్స్యం నీళ్ళలో, కూర్మం రెండింట్లో, వరాహం నేల మీద, నరసింహం సగం జంతువు సగం మనిషి, వామనుడు పొట్టి మనిషి, చూశారా మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు అని. పిల్లలకి ఇది తెగ నచ్చుతుంది, నాకూ తెలుసు, క్లాసు మొత్తం లేచి కూర్చుంటుంది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి మన ఆంధ్రా యూనివర్సిటీ వీసీ గారు కూడా దశావతారాలు డార్విన్ కన్నా మెరుగైన సిద్ధాంతం అన్నట్టు మాట్లాడారు, పేపర్లలో దుమారం రేగింది. పోనీ ఈ పోలిక మన ఋషులు చేసిందా అంటే అదీ కాదు, పురాణాల్లో అవతారాల కథలున్నాయి గానీ వాటిని పరిణామక్రమంతో జోడించింది 19వ శతాబ్దంలో, డార్విన్ పుస్తకం 1859లో వచ్చిన తర్వాత. దివ్యజ్ఞాన సమాజం పెట్టినవాళ్ళలో ఒకరైన బ్లావట్‌స్కీ 1877లోనే ఇది రాసింది.

భక్తికి నాకేం అభ్యంతరం లేదు, మా ఇంట్లోనూ విష్ణు సహస్రనామం వినపడుతుంది. నా ఇబ్బంది పాఠం గురించి. అవతారాల వరసతో చెప్తే పిల్లాడి బుర్రలో నిచ్చెన పడుతుంది, కింద చేప, పైన మనిషి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు, ఇంక అయిపోయింది అని. పరిణామం అలా జరగదు. చేపలు ఇంకా ఉన్నాయి, అవి కూడా మనతో సమానంగా అన్ని కోట్ల ఏళ్ళూ మారుతూనే వచ్చాయి, మనం ఎక్కడికో చేరాలని ఎవరూ ప్లాన్ వేయలేదు. కొమ్మలు కొమ్మలుగా చీలుతూ పోవడమే. నిచ్చెన ఒకసారి పడితే తర్వాత బొద్దింక ఎందుకు మనకన్నా పాత డిజైన్‌తో సుఖంగా బతుకుతోందో ఆ పిల్లాడికి జన్మలో అర్థం కాదు. కాబట్టి దశావతారాలు చెప్పే సార్ కన్నా అసలు చెప్పని సార్ నయమా అంటే నయం కాదు గానీ, ఇద్దరి పిల్లలూ పరీక్షలో ఒకే తప్పు రాస్తారు.

మరి దేవుడితో గొడవ పెట్టుకోకుండా ఎలా చెప్పాలి అంటే, మన తెలంగాణలో ఇంత సులువైన పాఠం ఇంకోటి లేదు. పత్తి చేలో గులాబీ రంగు పురుగు చాలు. మన దగ్గర బీటీ పత్తి, అంటే పురుగుని చంపే విషం మొక్కే తయారుచేసేలా జన్యువు పెట్టిన పత్తి, 2002లో వచ్చింది, రెండు జన్యువులున్న బీజీ 2 రకం 2006లో. మొదట్లో పురుగు చచ్చింది, మందుల ఖర్చు తగ్గింది, అందరూ సంబరపడ్డారు. తర్వాత కొన్నేళ్ళకి గుజరాత్‌లో మొదట, తర్వాత మహారాష్ట్రలో, మన దగ్గరా, కాయ పగలగొడితే లోపల గులాబీ పురుగు హాయిగా తింటూ కూర్చుంది. ఏమైంది? వేలాది పురుగుల్లో ఏ కొన్నిటికో బీటీ విషాన్ని తట్టుకునే తేడా జన్యువుల్లో ఉంది. మిగతావన్నీ చచ్చాయి, ఇవి మిగిలాయి, ఇవే పిల్లల్ని పెట్టాయి. వైవిధ్యం, వరణం, అనువంశికత, మూడూ వచ్చేశాయి, డార్విన్ పేరు కూడా ఎత్తక్కర్లేదు. ఆ రోజుల్లో విత్తనాల ప్యాకెట్‌లో 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల మామూలు గింజలు విడిగా ఇచ్చేవాళ్ళు, చేను చుట్టూ వేయమని. ఎందుకంటే అక్కడ మామూలు పురుగులు బతికి, తట్టుకునే పురుగులతో జతకడితే నిరోధం తొందరగా పెరగదు అని. మన రైతులు చాలామంది ఆ చిన్న ప్యాకెట్ పారేశారు. ఇది అడిగితే క్లాసులో సగం మంది చేతులెత్తుతారు, మా నాన్న కూడా పారేశాడు సార్ అని. విత్తే ముందు గింజలకి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టే ఇంటి పిల్లలే వాళ్ళు. ఆ దండానికీ ఈ పాఠానికీ ఎక్కడా తగాదా రాలేదు.

ఇక "ఎవరు చూశారు" అనే ప్రశ్నకి మీవాడిని హైదరాబాద్ బి.ఎం. బిర్లా సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్ళండి. అక్కడ నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరం సినిమా సెట్టు కాదు, మన ప్రాణహిత గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు, జురాసిక్ కాలపుది. జియలాజికల్ సర్వేకి చెందిన పి. యాదగిరి గారు 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. టెన్త్ పుస్తకంలో శిలాజాల దగ్గర దాని ప్రస్తావన కూడా ఉంది, చూసుకోండి. మన ఊరి పేరుతో ఒక డైనోసార్ ఉందని తెలిస్తే పిల్లల మొహాలు చూడాలి.

మీ సార్ మనసులో ఉన్న భయం, ఇది ఒప్పుకుంటే దేవుణ్ణి వదులుకోవాలేమో అన్నది. ఆ భయం నిజం కాదని చెప్పడానికి ఆయన బాగా చెప్పిన మెండలే ఉన్నాడు, మఠంలో సన్యాసి ఆయన, బఠాణీలు పెంచింది మఠం తోటలోనే. 20వ శతాబ్దంలో పరిణామ సిద్ధాంతాన్ని జన్యుశాస్త్రంతో కలిపినవాళ్ళలో పెద్దాయన డోబ్‌జాన్‌స్కీ దైవభక్తుడు, పరిణామం అనే వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదు అని 1973లో రాసింది ఆయనే. పోప్ జాన్ పాల్ 2 కూడా 1996లో ఇది ఒట్టి ఊహ స్థాయి దాటింది అని ఒప్పుకున్నారు. ఇవి వాదనలో గెలవడానికి కాదు, ఆయనతో మాట్లాడాల్సి వస్తే పనికొస్తాయి.

ఇక రూల్స్. చాలామంది రాజ్యాంగం రాజ్యాంగం అంటారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తా. ఆర్టికల్ 28 ప్రకారం పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూల్లో మత బోధన ఉండకూడదు. గుర్తింపు పొందిన ప్రైవేట్ స్కూల్లో, ఎయిడెడ్ స్కూల్లో ఉండొచ్చు గానీ పిల్లాడిని బలవంతంగా కూర్చోబెట్టకూడదు, మైనర్ అయితే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. మీది ప్రైవేట్ స్కూలు కాబట్టి రెండోది వర్తిస్తుంది. మతాల గురించి చెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరు అని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక సార్ పాఠం మధ్యలో "దేవుడు చేశాడు" అన్న ఒక్క మాటని మత బోధన అని నిరూపించడం కష్టం, ఏ లాయరూ మీకు గ్యారంటీ ఇవ్వడు. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవాలి అన్నది 1976లో 42వ సవరణతో వచ్చిన ప్రాథమిక విధి, 51ఎ లో ఉంది, గోడల మీద రాయడానికి బాగుంటుంది గానీ అది పాటించలేదని ఎవరినీ నేరుగా శిక్షించలేం. కాబట్టి చట్టం దారి మీకు పెద్దగా పనికిరాదు. సిలబస్ దారి పనికొస్తుంది, ఎందుకంటే బోర్డు గుర్తింపు ఉన్న స్కూలు ఆ పాఠం చెప్పి తీరాలి, అందులో దేవుడి ప్రసక్తే అక్కర్లేదు.

మీ తమ్ముడు చెప్పిన అమెరికా సంగతి. నిజమే, అక్కడ దీని మీద వందేళ్ళుగా కోర్టులు నడుస్తున్నాయి. 1925లో టెనెసీలో పరిణామం చెప్పినందుకు స్కోప్స్ అనే టీచర్‌కి 100 డాలర్లు జరిమానా వేశారు, అంటే అక్కడ కథ మొదలైందే తలకిందులుగా, చెప్పనందుకు కాదు చెప్పినందుకు. మీ తమ్ముడు గుర్తుపెట్టుకోవాల్సింది 2005 డోవర్ కేసు, పెన్సిల్వేనియాలో. స్కూల్ బోర్డు వాళ్ళు తొమ్మిదో తరగతిలో పరిణామం మొదలెట్టే ముందు ఒక స్టేట్‌మెంట్ చదవాలన్నారు, డార్విన్‌ది రుజువైన సత్యం కాదు, దాంట్లో లోపాలున్నాయి, "తెలివైన సృష్టికర్త" వాదన కూడా చూడండి అని. అక్కడి సైన్స్ టీచర్లు మేం చదవం అని ఒప్పుకోలేదు, చివరికి ఆఫీసు వాళ్ళు వచ్చి చదివి వెళ్ళారు. 11 మంది పేరెంట్స్ కేసు వేశారు. తీర్పిచ్చిన జడ్జి రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ నియమించినాయన, అయినా ఇది మతమే, సైన్స్ క్లాసులో కుదరదు అన్నాడు. ఆ బోర్డు మెంబర్లు ఎన్నికల్లో ఓడిపోయారు, ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు లాయర్ ఖర్చుల కింద 10 లక్షల డాలర్ల పైనే కట్టుకున్నారు. అక్కడ పాఠాన్ని కాపాడింది ముందు టీచర్లు, తర్వాతే కోర్టు. మన దగ్గర అవతల నిలబడ్డదే టీచర్ కాబట్టి ఆ మందు ఈ రోగానికి పడదు.

ఇంకో మాట, మీరు స్టేట్ సిలబస్‌లో ఉండటం ఒక రకంగా అదృష్టం. సీబీఎస్ఈ టెన్త్‌లో "వారసత్వం, పరిణామం" అని ఉండే చాప్టర్ ఇప్పుడు ఒట్టి "వారసత్వం" అయ్యింది, కోవిడ్ తర్వాత భారం తగ్గిస్తున్నాం అని ఆ పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్సీఈఆర్టీ తీసేసింది, 2023లో 1800 మందికి పైగా సైంటిస్టులు, టీచర్లు సంతకాలు పెట్టి వద్దన్నారు. పన్నెండో తరగతిలో ఉంది కదా అని జవాబు. పన్నెండులో బయాలజీ తీసుకున్నవాళ్ళకి కదా ఉంది. అక్కడ పుస్తకంలోనే లేదు, మీకు కనీసం పుస్తకంలో ఉంది.

రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. క్లాసులో నమ్మకాన్ని వెక్కిరించే టీచర్లు కూడా ఉన్నారు, నుదుటి మీద విభూతి చూసి జోకులు, టోపీ చూసి జోకులు, సిలువ గొలుసు చూసి జోకులు, దాన్ని శాస్త్రీయ దృక్పథం అనుకుంటారు. 1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగాడని ఊరూరా జనం స్పూన్లతో లైన్ కట్టిన మర్నాడు మా స్కూల్లో ఒక సార్ పిల్లల్ని మూర్ఖులు అని తిట్టాడు, క్లాసు బిగుసుకుపోయింది, ఒక్కరూ ప్రశ్న అడగలేదు. పక్క క్లాసులో ఫిజిక్స్ సార్ ఏమీ అనకుండా స్పూన్ నిండా పాలు పోసి స్టీలు గ్లాసు బయటి అంచుకి ఆనించాడు, గ్లాసు కూడా "తాగింది", పిల్లలే తలతన్యత అని చెప్పారు. ఆ సాయంత్రం గుడికి వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. టీచర్ అవిశ్వాసానికి ఉద్యోగాలు పోయిన చరిత్ర కూడా మనకుంది, గోరా గారు బోటనీ లెక్చరర్, దేవుడి భావన మీద వ్యాసం రాసినందుకు 1933లో కాకినాడ పిఠాపురం రాజా కాలేజీలో ఉద్యోగం పోయింది. ఆయన మొక్కల గురించి తప్పు చెప్పాడని ఎవరూ అనలేదు. మీ సార్ విషయంలో కూడా నేను అదే కొలత పెడతా, ఆయన ఏం నమ్ముతాడన్నది పక్కన పెట్టి, పాఠం చెప్పాడా లేదా అని.

ఒక్క చోట మాత్రం నేను మెతకగా ఉండను. ప్రాణం మీదికి వచ్చే విషయాల్లో టీచర్ నమ్మకానికి నా దగ్గర గౌరవం లేదు. పాము కరిస్తే మంత్రం వేయించండి అని క్లాసులో చెప్పే టీచర్, గ్రహణం చూసిన గర్భిణికి గ్రహణం మొర్రి బిడ్డ పుడతాడని చెప్పే టీచర్, మేనరికాల గురించి అడిగితే అది మన ఆచారం, ఏం కాదు అని కొట్టిపారేసే టీచర్. ఇవి డార్విన్ కన్నా రోజూ ఎదురయ్యేవి. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం రోజున ఉస్మానియా వాళ్ళ జాపాల రంగాపూర్ అబ్జర్వేటరీలో సైంటిస్టులు టెలిస్కోపులు పెట్టుకుని చూస్తుంటే మా ఊళ్ళో మా హెడ్మాస్టర్‌తో సహా అందరూ తలుపులు బిగించుకుని కూర్చున్నారు. మేనరికం సంగతైతే పిఠాపురం నుంచి వెళ్ళి పేరున్న జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర పనిచేసిన కృష్ణ ద్రోణంరాజు గారు 1960లోనే ఆంధ్రలో దగ్గరి పెళ్ళిళ్ళ లెక్కలు తీసి రాశారు, మన ఇళ్ళ మీద చేసిన సైన్స్ అది, మన క్లాసుల్లోనే చెప్పరు. ఇలాంటివి మీవాడి స్కూల్లో వినపడితే ఆలోచించకండి, అదే రోజు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళండి.

పరిణామం విషయంలో మాత్రం నెమ్మదిగా వెళ్ళండి. ముందు మీవాడి నోట్సు చూడండి, ఆ చాప్టర్‌లో ఎక్కడ ఆగిపోయిందో. పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి, దండం పెట్టి చెప్తున్నా. అక్కడ పెడితే గంటలో ఆయన మతం బయటికొస్తుంది, రెండు గంటల్లో రెండు వర్గాలవుతాయి, సాయంత్రానికి ఎవడో క్లాసులో తీసిన క్లిప్ యూట్యూబ్ చానెల్‌కి చేరుతుంది, ఆయన ఉద్యోగం పోతుంది, పాఠం మాత్రం అప్పటికీ చెప్పబడదు, ఆయన స్థానంలో వచ్చే టీచర్ భయంతో ఆ చాప్టర్ ముట్టుకోడు కూడా. స్కూలు వదిలాక ఒక్కరే వెళ్ళి ఆయన్ని కలవండి. "సార్, మీరు మెండల్ చాలా బాగా చెప్పారట, మావాడు ఇంట్లో కూడా బఠాణీలు లెక్కపెడుతున్నాడు, ఆ చివరి భాగం వాడికి అర్థం కావట్లేదు, నిర్మాణసామ్యం, ప్రకృతి వరణం ఒక రెండు పీరియడ్లు తీసుకోండి సార్" అని అడగండి. నమ్మకం ఊసే ఎత్తొద్దు. నూటికి తొంభై మంది టీచర్లు దీనికి కరుగుతారు, పొగడ్తకి కాదు, పిల్లాడు చదువుతున్నాడు అన్న మాటకి. ఆయన కావాలంటే చివర్లో "నా విశ్వాసం వేరు" అని ఒక మాట అనుకోనివ్వండి, పాఠం పూర్తయ్యాక ఆ మాట వల్ల పిల్లలకి ఏం కాదు. అప్పటికీ చెప్పకపోతే ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఫలానా చాప్టర్ ఫలానా భాగం పూర్తి కాలేదు అని మాత్రమే రాయండి. ఎంఈఓ, డీఈఓ (మండల, జిల్లా విద్యాధికారులు) దాకా వెళ్ళాల్సిన అవసరం చాలా అరుదు.

మీవారు అన్నదానికి కూడా జవాబు కావాలన్నారు కదా. ఆయనతో వాదించకండి, మీవాడు టెన్త్ తర్వాత ఏ గ్రూప్ అని అడగండి. బైపీసీ అయితే ఇంటర్ సెకండియర్ జువాలజీలో పరిణామం మళ్ళీ వస్తుంది, నీట్ సిలబస్‌లో కూడా ఉంది, అప్పుడు ఇక్కడ వదిలేసింది అక్కడ రెట్టింపు కష్టపడి చదవాలి. ఎంపీసీ అయితే మాత్రం వాడి మొత్తం చదువులో ఒక టీచర్ బోర్డు మీద ఈ పాఠం చెప్పే అవకాశం ఇదే ఆఖరు. ప్రీఫైనల్స్ మొదలైతే ఇంక ఏ సారూ కొత్త పాఠం ఎత్తుకోడు, రివిజన్లే, అందుకని వెళ్ళేదేదో ఈ నెలలోనే వెళ్ళండి.